సల్లారినంక

ములుగు రోడ్డు మీద దస్తగిరి దుకాణం.
మందు కొట్టే పంపులు, విప్పదీసిన మోటర్లు,
గోడ మొలలకు రెండు కోత మిషన్లు.

ఏడాదికి ఆరేడు పెండ్లిండ్లు వండుతా నేను.
కట్టెల పొయ్యి మీది బగారన్నమే కావాలంటరు జనం.
గొడ్డలి పట్టే మా మరిది మల్సూరు
నడుము పట్టేసి మంచమెక్కిండు.
అడితిల కోయించుకుంటే
వచ్చిన లాభం కట్టెలకే కాలిపోతున్నది.
కొత్త మిషన్ ఇరవై రెండు వేలట,
ఆరేడు దినాల పనికి ఎవరు పెడతరు?

మొదటిది ముద్దుగున్నది,
నారింజ రంగు, తుడిచిన మెరుపు.
"ఒక్క గుంజుకే లేస్తది కౌసల్యక్కా" అన్నడు.
అతను తాడు అందుకోకముందే
దాని పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టిన.
గోరువెచ్చగ.

ముప్పయ్యేండ్లు పొయ్యి ముందట మసిలిన చెయ్యి ఇది,
బూడిది ముట్టి
మంట ఎప్పుడు ఆరిందో చెప్తది.
"నేనొచ్చేముందే లేపి పెట్టినవు గదా?"
దస్తగిరి తలకాయ గోక్కున్నడు.
"సల్లారనియ్యి. చాయ్ చెప్పు. నాకేం తొందర లేదు."

రెండు చాయ్‌లు అయినయి.
ఎనుమాముల దిక్కు మిర్చి లారీలు పోతుంటే
దుకాణంల అందరం తుమ్మినం.
ఇనుము సల్లారుడంటే
అన్నం సల్లారినట్టు కాదు,
లోపల ఏదో టిక్కు టిక్కుమంటనే ఉంటది.

అప్పుడు గుంజిండు. పది. పదిహేను. ఇరవై.
చెమట దస్తగిరిది, దగ్గు మిషన్‌ది.
ఆఖరికి తనే పొగగొట్టం విప్పి చూపిండు,
పిస్టన్ మీద నిలువు గీతలు, పిల్లి గీరినట్టు.
ఎవరో ఆయిల్ కలపకుంట ఉత్త పెట్రోల్ పోసిండ్రు.
"నాకూ తెల్వదక్కా" అన్నడు.
నమ్మలే. కోపమూ రాలే.
నిన్నటి గారెల్ని ఇయ్యాల వేడి చేసి
వడ్డించినదాన్నే గదా నేనూ.

రెండోదానికి రంగే లేదు.
పిడికి సైకిల్ ట్యూబు చుట్టి ఉన్నది.
ముట్టుకుంటే బావిగడ్డ రాయంత సల్లగ.
గొలుసు పండ్లు సగం అరిగినయి గని
అన్నీ ఒక్క తీరుగ,
ఆకురాయి పట్టిన చెయ్యి ఎన్నడూ తొందరపడలే.
ప్లగ్గు ముక్కు చాయ్ రంగు.
మూడో గుంజుకు లేసింది,
అట్టముక్క మీద సన్నటి నూనె గీత చిమ్మింది,
ముందటి రెక్క నెడితే టక్కున ఆగింది.

"ఎవరిది?"
"వర్ధన్నపేట ఓదేలుది. ఇరవయ్యేండ్లు కోసిండు."
"మరెందుకమ్మిండు?"
"దీనికేం కాలేదక్కా. ఆయన చేతులే."

చలికాలం పొద్దుగాల వేళ్లు సున్నం లెక్క తెల్లబడతయట.
గిలాస రెండు చేతులతోని పట్టినా
సగం చాయ్ సాసర్లకే పోతదట.
"నువ్వు ఏడాదికి ఆరు దినాలు కోస్తవు,
నీకేం భయం?"
లెక్క తప్పేం కాదు.
అయినా కొంచెం సేపు
ఆ ట్యూబు చుట్టిన పిడిని పట్టుకోలేకపోయిన.

ఏడు వేలన్నడు.
ఐదుకు తెగ్గొట్టాలని వచ్చినదాన్ని
ఆరున్నర కాడ నోరు మూసుకున్న,
ఒక్క పైస కూడ ఓదేలుకు చేరదని తెలిసి కూడ.

"పనైనంక పెట్రోల్ తీసెయ్యి అక్కా,
కడుపు నిండ పండుకుంటే మళ్ల లేవది."
బస్సుల గోనెసంచి నా ఒళ్లో,
కండక్టర్ దానికీ టికెట్ కొట్టిండు.

ఇంటి ముందట తుమ్మ మొద్దు.
పొట్టు ఎగిరి కొంగు నిండింది.
మంచంల నుంచి మల్సూరు "నాకియ్యి" అని ఒర్రిండు.
ఇయ్యలే.

నాలుగు తునకలకే ఆపిన.
అరచేతుల్ల చీమలు పాకినట్టు సన్నటి వణుకు.
నిండు చెంబు పట్టుకొని నిలబడ్డ,
నీళ్లు కదలకుంట అయ్యేదాక.

మిగిలిన మొద్దు
చేతులు సల్లారినంక.